గజ్జెలు మోగని పరుగు

ఆ శ్రావణ మాసపు ఉదయం చద్దన్నం తింటూ సత్తియ్య వేసుకున్న పథకంలో పరుగన్నదే లేదు. ముక్తేశ్వరం రేవులో ఉత్తరాల టపా సంచి అందుకోవాలి. కనకరాజు కొబ్బరికాయల పడవ ఎక్కి, కాయల మీద గోనె పరుచుకుని పడుకోవాలి. అమలాపురం పొలిమేరలో దిగి, చెమట పట్టినట్టు కనబడేలా ముఖాన నాలుగు నీళ్లు చల్లుకుని, కచ్చేరీ దాకా కాస్త ఉరకాలి. అంతే.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మూడేళ్లయిన రోజులవి. టపా బంట్రోతు అంటే గజ్జెల కర్ర పట్టుకుని, సంచి భుజాన వేసుకుని ఆమడ దూరం పరిగెత్తవలసిన మనిషి. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన పెదబాబుకి మోకాలు పట్టేసింది. కొడుకులు లేరు కనుక కర్ర అల్లుడు సత్తియ్య చేతికి వచ్చింది. సత్తియ్యకి పరుగంటే గిట్టదు. కాళ్లున్నది నడవడానికేనని అతని నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఒక్క నెలలో మూడుసార్లు టపా ఆలస్యమయింది. నాలుగోసారి కూడా పది గంటలు కొట్టాక వస్తే కర్ర అక్కడే పెట్టి ఇంటికి పొమ్మని కచ్చేరీ గుమాస్తా సత్యనారాయణమూర్తి గారు చెప్పేశారు.

భార్య వీరవేణి ఆ సంగతి పొద్దుటే మళ్లీ ఎత్తింది.

"మా నాన్న ముప్పై ఏళ్లు నిలబెట్టిన కొలువు మావా. నీ చేతిలో మూణ్ణెల్లు కూడా నిలవలేదంటే నేను నలుగురిలోకి నీళ్లకెళ్లలేను."

"పరిగెడతానన్నాను కదే."

"పరిగెట్టేదీ లేందీ నాన్నకి వినబడుతుందిలే."

అదే చిక్కు. పెదబాబు అరుగు మీద కూర్చుని, గజ్జెల చప్పుడును బట్టి అల్లుడు నడుస్తున్నాడో, ఉరుకుతున్నాడో చెప్పేయగలడు. పడవేమో ఆ ఇంటి పెరటి పక్కనుంచే పోవాలి; పడవ ఊగి గజ్జెలు మోగాయంటే దొరికిపోతాడు. అందుకని సత్తియ్య రేవు దాకా బుద్ధిగా గజ్జెలు మోగించుకుంటూ వెళ్లి, పడవెక్కాక ప్రతి గజ్జెలోనూ కొబ్బరి పీచు కుక్కేశాడు.

పడవ కొంత దూరం హాయిగా సాగి, వరద కొత్తగా వేసిన ఒండ్రు మేటలో కూరుకుపోయింది. కనకరాజు గడ వేసి నాలుగుసార్లు నెట్టి చూసి, చుట్ట ముట్టించాడు. నీరు పెరిగితే పడవ తనంతట తనే లేస్తుందన్నాడు. ఎప్పటికి పెరుగుతుందంటే, రేపు కావచ్చు, ఎల్లుండి కావచ్చు, తొందరేముంది అన్నాడు. సత్తియ్య పొద్దు వంక చూశాడు. మోకాలి లోతు బురదలోకి దిగి, గట్టెక్కి, సంచి బిగించుకుని పరుగందుకున్నాడు. గజ్జెల్లో పీచు సంగతి మరిచేపోయాడు.

వరద రోజుల్లో కోనసీమలో గట్టు మీద మనిషి పరిగెత్తుతూ కనబడితే గజ్జెల కోసం చెవి ఒగ్గుతారు. మోగితే టపా. మోగకపోతే గట్టుకి గండి పడిందన్నమాట. గండి పడితే ఇంటికొక మనిషి పారా తట్టా పట్టుకుని కదలాలి. అది కట్టుబాటు.

మొదటి ఊరి దగ్గర గేదెల్ని కడుగుతున్న నలుగురు, ఒళ్లంతా బురదతో, చప్పుడు లేకుండా దూసుకుపోతున్న మనిషిని చూశారు. ఎక్కడని కేకేశారు. జవాబు చెప్పే ఊపిరి లేక సత్తియ్య, అడ్డు రావద్దన్నట్టు చెయ్యి ముందుకి విసిరాడు. గండి అటువైపని వాళ్లకి అర్థమయింది.

కాసేపటికి సత్తియ్య వెనక్కి చూస్తే పాతికమంది పారలతో వస్తున్నారు. పడవ సంగతి తెలిసి మామగారే పంపించి ఉంటాడనుకున్నాడు. వేగం పెంచాడు. అతను వేగం పెంచడం చూసి, గండి పెద్దదవుతోందని వాళ్లూ పెంచారు. అయినవిల్లి దాటేసరికి వందమందయ్యారు. ఆ పై ఊళ్లో ముక్తేశ్వరం మునిగిపోయిందన్నారు. అచ్చమ్మ అనే ముసలామె కోళ్లగంపతో సహా ఇంటి చూరెక్కి కూర్చుంది.

మొదటి క్రోసెడు దూరం సత్తియ్యకి డొక్కలో పోటు. రెండో క్రోసులో కళ్ల ముందు చుక్కలు. మూడోదానిలో ఏదో జరిగింది. పోటు పోయింది. ఊపిరీ అడుగూ ఒక లెక్కలో పడ్డాయి. కొబ్బరి వరసలు పక్కన తెరుచుకుంటూ, మూసుకుంటూ వెనక్కి పోతున్నాయి. రోజూ చూసే చెట్లే, ఇలా కదులుతాయని అతనికి తెలియదు. కిందికి చూస్తే తన కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. ఇవి ఎంత దూరం పోతాయో చూద్దామనిపించింది. ఒక మలుపు తిరిగాక వెనక కేకలు వినబడలేదు. నెమ్మదించవచ్చు. నెమ్మదించలేదు.

కచ్చేరీలో పది గంటలు కొట్టడానికి బంట్రోతు సుత్తి ఎత్తుతుండగా సంచి గుమాస్తా గారి బల్ల మీద పడింది. సత్తియ్య ఊపిరి తీసుకున్నాక ఆయన మెచ్చుకోబోయి, గుమ్మంలోంచి చూస్తే వీధి పొడుగునా పారలే.

ముందు వచ్చిన పెద్ద రైతు ముత్యాలరాజు రొప్పుతూనే మర్యాదగా అడిగాడు.

"గండి ఎక్కడండీ?"

"నన్నడుగుతారేంటండీ? మీరు తరుముతుంటే నేను పరిగెత్తేను," అన్నాడు సత్తియ్య.

"మేం తరమడమేంటండీ. మీరు పరిగెడుతుంటే మేం వచ్చేం."

ముత్యాలరాజు గజ్జెల కర్ర తీసుకుని ఆడించాడు. మోగలేదు. గోటితో ఒక గజ్జెలోంచి కాస్త పీచు లాగాడు.

"ఇదేంటండీ?"

"పీచండీ."

"ఆయ్. అది కనబడుతూనే ఉంది లెండి."

గజ్జెల నోరు నొక్కిన టపా మనిషిని ఒక్క పూట కూడా ఉంచనని గుమాస్తా గారు కర్ర లాక్కున్నారు. వీరవేణి ముఖం సత్తియ్య కళ్ల ముందు కదిలింది. ఇంకో చిత్రమైన బెంగ కూడా పుట్టింది. రేపటినుంచి పరిగెత్తడానికి వీల్లేదు.

గోలకి తాసిల్దారు గారు బయటికి వచ్చారు. ఊరికి తూర్పున గట్టు పలచబడిందని, మనుషులు కావాలని ఆయన రెండేళ్లుగా కబుర్లు పంపుతున్నారు. ఏనాడూ పదకొండుమందికి మించి రాలేదు. ఇప్పుడు రెండువందల పారలు గుమ్మంలో ఉన్నాయి. గండి పడకముందే గట్టు వేసుకోవడం కూడా కట్టుబాటేనని, ఎలాగూ వచ్చారు కనుక తలా ఒక ముంత మజ్జిగ పుచ్చుకుని మొదలుపెట్టమని మర్యాదగా చెప్పారు. మర్యాదగా చెప్పిన మాటని కాదనడం ఆ సీమలో ఎవరికీ చేతకాదు. ఇంతమందిని ఒక్క పూటలో పోగుచేసిన మనిషిని తీసేయవద్దని తాసిల్దారు గారు గుమాస్తా గారితో కూడా అన్నారు. కర్ర తిరిగి సత్తియ్య చేతికి వచ్చింది. సాయంత్రానికి గట్టు మూరెడు లేచింది. తట్ట తట్టకీ అందరూ సత్తియ్య వంక చూశారు. అతను తల వంచుకుని మన్ను మోశాడు.

మర్నాటినుంచి సత్తియ్య గజ్జెలు మోగించుకుంటూ, ఊళ్లవాళ్ల దెప్పుళ్లు వినబడనంత వేగంగా పరిగెత్తాడు. నెలాఖరున ఒకరోజు గోదారి పోటెత్తి అవతలి ఒడ్డునుంచి పడవ రాలేదు. టపా లేదు. అయినా సత్తియ్య పక్క మీద లేడు. పొద్దెక్కాక చెమటతో తడిసి, ఉత్తచేతులతో వచ్చాడు.

"ఎక్కడికెళ్లేవు మావా?" అంది వీరవేణి.

"అయినవిల్లి దాకా."

"పనేంటి?"

"ఏం లేదే. ఊరికే పరిగెట్టొచ్చేను."

"ఎవరు తరిమేరు?"

ఎవరూ తరమలేదన్నాడు. వీరవేణి కంగారుపడి తండ్రితో చెప్పింది. పెదబాబు అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నుదురు తాకి చూసి, తిండి సయిస్తోందా, నిద్ర పడుతోందా అని అడిగి, వైద్యుడికి కబురు పెట్టాడు. వైద్యుడు చాలాసేపు నాడి పట్టుకుని, జబ్బేమీ లేదన్నాడు.

ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ ఇష్టపడి పరిగెత్తని పెదబాబు, రెండో చెయ్యి కూడా చూడమన్నాడు.