నాలుగు స్ప్రింగులు, ఒక నిండు చెరువు

మనిషి చక్రం కనిపెట్టిన మరుసటి రోజు పొద్దున్నే, దాని ఎత్తు కొలవడానికి ఒక అధికారిని నియమించుకుని ఉంటాడు. చరిత్రకారులు ఈ సంగతి రాయలేదు గానీ, రాయాల్సింది. ఆ అధికారి వారసుడు రెండు వేల మూడో సంవత్సరంలో అనంతపురంలో ఒక పాత కట్టడం మేడ మీద, పదకొండో నంబరు గదిలో కూర్చుని ఉండేవాడు. పేరు నరసింహప్ప. హోదా, ఉప సహాయ వాహన పరీక్షకుడు (ఎత్తులు). పొడవులకూ వెడల్పులకూ వేరే అధికారులు ఉన్నారు. వాళ్లు సెలవులో ఉన్నారు.

డిసెంబరు మొదటి వారంలో ఆ గది ముందు బెంచీ మీద తిప్పేష్ కూర్చున్నాడు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతాడు. సొంతూరు రాప్తాడు పక్కన కొర్రలకుంట. వయసు ముప్పై నాలుగు. ఈ కథలో ముఖ్యమైన అంకె ఇదే, ఎందుకంటే మార్చి నాలుగో తేదీకి అతనికి ముప్పై అయిదు నిండుతాయి. మద్రాసు దగ్గర ట్రాకు మీద ఏటా ఫిబ్రవరిలో కొత్తవాళ్లకని ఒక కారు పందెం పెడతారు. ముప్పై అయిదు నిండినవాణ్ణి అందులోకి రానివ్వరు. నిండినవాడు కొత్తవాడు ఎట్లా అవుతాడని వాళ్ల వాదన, అదీ న్యాయమే.

కారు ఉంది. బెంగళూరులో ఎవరిదో షెడ్డు చుట్టూ ఆరేళ్లు తిరిగి తెచ్చుకున్న పాత ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తు. దాని స్ప్రింగులు ఎప్పుడో చచ్చిపోయాయి. తిప్పేష్ వాటిని విప్పించి, కారును ఎండిన ఊరి చెరువులో నాలుగు నల్లబండల దొంతుల మీద నిలబెట్టాడు. కొత్త స్ప్రింగులు వస్తే దించాలి, పందేనికి పోవాలి.

వచ్చేవి మామూలు స్ప్రింగులు కావు. కాయిలోవర్లు. అంటే బ్రహ్మవిద్య ఏమీ లేదు. షాక్ అబ్జార్బరు చుట్టూ స్ప్రింగు తొడిగి ఉంటుంది, కింద ఒక మర ఉంటుంది, మర తిప్పితే కారు లేస్తుంది, కూర్చుంటుంది. రోడ్డు మీద నడపాలంటే మెత్తటివి కావాలి, లేకపోతే నడుము విరుగుతుంది. ట్రాకు మీద ఉరకాలంటే గట్టివి కావాలి, లేకపోతే మలుపులో కారు పక్కకు ఒరుగుతుంది. రెండుచోట్లా నడిపేవాడు ఏవి కొనాలన్నది లోకంలో ఇంతవరకూ తెగని తగువు.

"మెత్తవా, గట్టివా, ఒక మాట చెప్పప్పా," అన్నాడు బెంగళూరు డీలరు ఫోనులో. "చెప్పినావంటే వారానికి నీ చేతిలో ఉంటాయి. కానీ ఎత్తు మార్చేదానికి మీ జిల్లా ఆఫీసు కాగితం ముందు పంపించల్ల."

తిప్పేష్ తాడిపత్రిలో లారీలకు స్ప్రింగు పట్టాలు కట్టే కుళ్ళాయప్పనూ చెరువు దగ్గరికి పిలిపించి అడిగి చూశాడు. కుళ్ళాయప్ప కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎన్ని టన్నుల బండలేస్తావన్నా దీంట్లో?"

"బండలు కాదప్పా. మనిషిని నేనొక్కణ్ణే."

"ఒక్క మనిషికి స్ప్రింగులు యాలన్నా?" అని కుళ్ళాయప్ప నిజంగానే బాధపడ్డాడు.

ఇక మిగిలింది పదకొండో నంబరు గది. వాహనం ఎత్తు మార్చదలచినవారు నింపవలసిన దరఖాస్తు నాలుగు పేజీలు. మూడో పేజీలో రెండు గళ్లు. ఒకటి, వాహనం తిరుగు రోడ్డు స్థితి. రెండు, వాహనం తిరుగు ట్రాకు స్థితి. (నాలుగో పేజీ ఖాళీ. దాని మీద కూడా సంతకం పెట్టాలి.)

"రోడ్డు ఏదప్పా?" అన్నాడు నరసింహప్ప, కళ్లజోడు సర్దుకుంటూ.

"మా ఊరి నుంచి రాప్తాడు హైవే దాకా సార్. అంతా గుంతలే."

నరసింహప్ప పెన్ను ఆగింది. "గుంతలా? ఆ రోడ్డుకు గుంతల్లేవే. మూడుతూర్లు పూడ్చినట్ల రికార్డుండాది."

"సార్, మొన్ననే నా మోటారు సైకిలు రిమ్ము సొట్ట పోయినాది ఆడ."

"రికార్డు ఒక మాట చెప్తాండాది, నీ రిమ్ము ఒక మాట చెప్తాండాది. నేను ఎవరిది నమ్మల్ల?" అని ఆయన 'రోడ్డు నున్నగా ఉన్నది' అని రాసుకున్నాడు. ఆయన కోప్పడలేదు. నరసింహప్ప ఎప్పుడూ కోప్పడడు, అందుకే ఆయనంటే అందరికీ భయం. "సరే. ట్రాకు యాడ?"

"మా ఊరి చెరువు సార్. ఎండిపోయి ఆరేండ్లాయ. నేల పలకమాదిరి చదును. ఆడ తిప్పుకుంటా."

నరసింహప్ప లేచి బీరువా తెరిచి, ఎర్రగుడ్డలో కట్టిన రిజిస్టరు తీసి, దుమ్ము ఊది, వేలితో వరస వెంట దిగాడు.

"కొర్రలకుంట చెరువు. సర్వే నంబరు నూటపన్నెండు. నిండుగా ఉండాది."

"యాడ సార్?"

"ఈడ," అని రిజిస్టరు తిప్పి చూపించాడు.

అది నిజం. రెండేళ్ల కింద ఆ చెరువుకు కాలువ తవ్వినట్టు ఒక సంతకం, కాలువలో నీళ్లు వదిలినట్టు ఒక సంతకం, చెరువు నిండినట్టు ఒక సంతకం వరసగా పడ్డాయి. (ఆఖరి సంతకం పడిన రోజు చెరువు నడిమధ్యన ఆ ఊరి గంగక్క గొర్రెలు మేస్తున్నాయి.)

"నీళ్లల్లో తిప్పేదానికి స్ప్రింగులు యాలప్పా?" అన్నాడు నరసింహప్ప, ఎంతో మెత్తగా. "పడవలకు వేరే ఫారం. పన్నెండో గది."

ఆ సాయంత్రం తిప్పేష్ చెరువులో కారు పక్కన కూర్చుని ఇదంతా గంగక్కకు చెప్పాడు. గంగక్క ఇల్లు చెరువు గట్టు కింద. పొద్దు వాలేసరికి గొర్రెలు తోలుకుని అటే పోతుంది. కథ విని ఆమె నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. చేతికర్ర కింద పెట్టి అతని ఎదురుగా కూలబడింది.

"ఒరే తిప్పేషూ. ట్యాంకరు కావాలని మేము ఆరుతూర్లు పోయినాం ఆఫీసులకు. నిండు చెరువు పెట్టుకోని ట్యాంకరు అడగడానికి సిగ్గులేదా అని పంపించినారు. మూడు మైళ్లు పోతాండారు ఆడోళ్లు, బిందెకు. మారెక్కకు ఏడో నెల, ఆ పిల్ల కూడా పోతాండాది. మా మాట ఎవడూ వినల్యా. నీ కారు మాటన్నా వింటారేమో. చెరువు ఎండినాదని ఒక్క కాగితం తేరా నాయనా."

తిప్పేష్ చుట్టూ నేల చూశాడు. ఆరేళ్లుగా ఆ చెరువును చూసి, ఆహా ఎంత చదునుగా ఉందో అని మురిసిపోయినవాడు అతను. ఎందుకు చదునుగా ఉందో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

చెరువు ఎండిందని వచ్చి చూసి రాయమంటూ రెండో దరఖాస్తు పెట్టాడు. దాని మీద మూడు వారాలు విచారణ నడిచింది. జనవరి మొదట్లో నరసింహప్ప స్వయంగా జీపులో వచ్చాడు. (గుంతల్లేని రోడ్డులో జీపు రెండుచోట్ల ఆగిపోయింది. జనం తోశారు.) చెరువు మధ్యకు నడిచి నిలబడ్డాడు. బూట్లు చీలమండల దాకా దుమ్ములో దిగబడ్డాయి. రిజిస్టరు చూశాడు. నేల చూశాడు. మళ్లీ రిజిస్టరు చూశాడు.

"ఇప్పుడు చెప్పండి సార్," అన్నాడు తిప్పేష్. "నీళ్లుండాయా?"

"ఉండాయనీ అనను, లేవనీ అనను. నేను ఎత్తులు," అన్నాడు నరసింహప్ప. "లోతులు వేరే శాఖ."

వారానికి ఉత్తర్వు వచ్చింది. దాన్ని గంగక్క నాలుగుసార్లు చదివించుకుంది.

'సర్వే నంబరు 112లోని నిండు చెరువునకు గానీ అందలి నీటికి గానీ ఎట్టి భంగమూ కలుగకుండా, సదరు స్థలమును తాత్కాలిక పరీక్షా ట్రాకుగా గుర్తించడమైనది. ట్రాకు మట్టిది అయినందున, దుమ్ము లేవకుండా దినమునకు ఒక ట్యాంకరు నీటిని చల్లించవలెను. దరఖాస్తుదారుడు తన స్ప్రింగులను ఖరారు చేయువరకు మాత్రమే ఈ సౌకర్యము వర్తించును.'

"చెరువు ఎండినాదని రాసినారా, లేదా?" అంది గంగక్క.

"రాయల్యా. నిండే ఉండాదంట."

"మరి నీళ్లెవురికిస్తాండారు?"

"దుమ్ముకు."

మరుసటి రోజు పొద్దున ఎనిమిదింటికి ట్యాంకరు వచ్చింది. డ్రైవరు ఆంజినప్ప తల బయటికి పెట్టి చూసేసరికి ఎర్ర కారు చుట్టూ గుండ్రంగా ఎనభై బిందెలు పేర్చి ఉన్నాయి. బిందెల వెనక ఊరంతా ఉంది.

"ట్రాకు యాడప్పా?"

"ఇదే," అంది గంగక్క, బిందెలు చూపించి.

ఆంజినప్ప బిందెలను చూశాడు, ఆమెను చూశాడు, పైపు దించాడు. ట్రాకు మొత్తం గంటలో తడిసింది. బొట్టు నేల మీద పడలేదు. 'ట్రాకు తడిసినది' అని తిప్పేష్ పుస్తకంలో సంతకం పెట్టాడు. అట్లా రోజూ పెట్టాడు. మారెక్క మూడు మైళ్ల నడక మానేసింది.

అయిదో రోజుకు బెంగళూరు నుంచి ఫ్యాక్టరీకి కబురు వచ్చింది. కాగితం అందింది, ఇక ఏవి కావాలో చెప్పడమే తరువాయి, ఇరవయ్యో తేదీ దాటితే సరుకు పందేనికి అందదు. ఆరేళ్లు ఎదురుచూసిన మాట. తిప్పేష్ ఆ కబురును చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు. రాత్రిళ్లు గట్టివి అనుకునేవాడు. పొద్దున బిందెలు చూసి మెత్తవేమో అనుకునేవాడు. రెండింటిలో ఏది అన్నా ట్యాంకరు ఆగుతుంది.

ఈలోగా నరసింహప్ప తనిఖీకి వచ్చాడు. ట్రాకు తడి చూడాలి. చెరువు ఎప్పటిలాగే దుమ్ము రేగుతోంది. ఆయన వంగి, పిడికెడు మన్ను తీసుకుని, వేళ్ల మధ్య నుంచి జారవిడిచాడు. గంగక్క లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. ఇంకో లోటా అడిగి తాగాడు. ఎక్కడివని అడగలేదు. మూతి తుడుచుకుని రాసుకున్నాడు: 'దినమునకు ఒక ట్యాంకరు చల్లించుచున్నను ట్రాకు పొడిగానే యున్నది. కావున రెండు ట్యాంకర్లు చేయవలెను.'

జీపు ఎక్కుతూ తిప్పేష్ ను పక్కకు పిలిచాడు. "ఎంచుకున్నావా అప్పా, ఏవి?"

"ఇంకా లేదు సార్."

"తొందరేముండాది," అన్నాడు నరసింహప్ప. "ఎత్తు విషయం. బాగా ఆలోచించుకోవల్ల." ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. అసలు ఆయన ముఖంలో మార్పు చూసినవాళ్లెవరూ జిల్లాలో లేరు.

పందొమ్మిదో తేదీ పొద్దున గంగక్కే వచ్చి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇరవైకి ఆఖరంట గదా. మీ ఫ్యాక్టరీవోళ్లు చెప్పినారు. చెప్పెయ్ రా. మాకు నడక కొత్తగాదు. నీకు వయసు మళ్లా రాదు." ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే అతన్ని చంపింది.

తిప్పేష్ రాప్తాడు పోయి హైవే పక్కన ఎస్టీడీ బూతులో దూరాడు. గట్టివి అని చెప్పడానికే దూరాడు. డీలరు ఫోను ఎత్తాడు.

"చెప్పప్పా. మెత్తవా, గట్టివా?"

అద్దంలోంచి హైవే కనిపిస్తోంది. ఆంజినప్ప ట్యాంకరు వచ్చి కొర్రలకుంట వైపు తిరిగింది. దాని వెనకే రెండోది. మొదటి గుంతలోనే రెండూ ఊగి, పైమూతల్లోంచి నీళ్లు చింది రోడ్డు మీద పడ్డాయి. అక్కడ నడుస్తున్న ఒక ముసలామె ఆ తడి చూసి పక్కకు తప్పుకుని పోయింది, తొక్కితే పాపం అన్నట్టు.

"మెత్తవైతే రోడ్డు మీద బాగుంటాయన్నా," అన్నాడు తిప్పేష్. "గట్టివైతే ట్రాకు మీద బాగుంటాయి."

"అది నీకు చెప్పింది నేనే గదప్పా! ఏవి పంపల్ల?"

"ఇంకా ఆలోచిస్తాండా."

"పందెం పోతాది."

"పోతాది," అని ఫోను పెట్టేశాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. (ఈ నీళ్లకు ఏ శాఖలోనూ రికార్డు లేదు.)

ఫిబ్రవరిలో పందెం జరిగింది. మార్చి నాలుగున తిప్పేష్ కు ముప్పై అయిదు నిండాయి. ఆ రోజు గంగక్క పూర్ణం పెట్టి ఓళిగలు చేసి తెచ్చింది. బండల మీద నిలబడిన కారులో, డ్రైవరు సీట్లో తిప్పేష్, పక్క సీట్లో గంగక్క కూర్చుని తిన్నారు. "బాగుంది రా, కదిలేదానికంటే ఇదే మేలు, కడుపులో తిప్పదు," అంది ఆమె. అతను నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది గానీ, ఆమె చూడనట్టు ఇంకో ఓళిగ అందించింది. ఆఫీసు నుంచి నెలనెలా ఒక కార్డు వచ్చేది. 'స్ప్రింగుల ఎంపిక పూర్తయినదా?' తిప్పేష్ 'లేదు' అని రాసి పంపేవాడు. ఆ ఏడు జిల్లాలో అత్యంత శ్రద్ధగా జవాబిచ్చిన దరఖాస్తుదారుడు అతనే.

ఏప్రిల్ లో ఒక మధ్యాహ్నం పక్కూరి నుంచి నలుగురు వచ్చారు. ఎండకు తలగుడ్డలు చుట్టుకుని, కారు చుట్టూ తిరిగి, చక్రాలను తట్టి, కింద వంగి బండలను కూడా చూశారు. వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, మా ఊరికీ ఒక చెరువుండాది. అది కూడా నిండే ఉండాదంట. ఊరంతా కూడి ఇట్లాంటి కారు ఒకటి తీసుకుందామని అనుకున్యాం. పరిగెత్తకపోయినా పర్వాలేదు. ఎట్లాంటిది చూసుకోవల్ల?"

తిప్పేష్ కారు బానెట్ మీద దుమ్ము తుడిచాడు. ఆరేళ్లు షెడ్ల చుట్టూ తిరిగి, పుస్తకాలు తెప్పించుకుని, రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్న విద్య మొత్తంలో ఇప్పుడు పనికొచ్చే ముక్క ఒకటే ఉంది.

"స్ప్రింగుల్లేనిది చూసుకోండి," అన్నాడు. "ఉండేది కొంటే నీళ్లు రావు."