నర్సయ్య తల ఎవరు తీశారు

"శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాంక నా కండ్లు గప్పి పోయిన దొంగ ఇంకా పుట్టలే" అని అన్వేష్ ప్రకటించాడు. "పుట్టినా పెరగడు. పెరిగినా నా చేతుల వడ్తడు. గందుకే మా నాయిన నాకు అన్వేష్ అని పేరు వెట్టిండు."

ఆ పేరు పెట్టింది అన్వేష్ మేనత్త అనీ, నాయిన ఆ రోజు ఊళ్లోనే లేడనీ బాలేష్‌కు తెలుసు. ఇద్దరూ పదో తరగతి ఒకే బెంచీ మీద చదివారు. పరీక్షలో బాలేష్ పేపరు చూసి అన్వేష్ రాశాడు, అన్వేష్ పేపరు చూసి బాలేష్ దిద్దుకున్నాడు. ఇద్దరూ తప్పారు.

అన్వేష్ అత్వెల్లిలో ప్లాట్లు చూపిస్తాడు. మిగతా సమయంలో డిటెక్టివ్. అతని విజిటింగ్ కార్డు బాలేష్ షాపులోనే అచ్చయింది: "అన్వేష్, ప్రైవేట్ డిటెక్టివ్. రహస్యాలు ఛేదించబడును. ఓపెన్ ప్లాట్లు చూపబడును." ఇప్పుడు అతను రెయిన్‌కోటులో ఉన్నాడు. బయట ఎండ కాస్తోంది. తలకు హెల్మెట్ ఉంది. ఎవరూ గుర్తు పట్టకూడదని డ్యూటీలో ఉండగా దాన్ని తీయడు. హెల్మెట్ వెనక ఎర్ర స్టిక్కర్ మీద 'అన్వేష్, అత్వెల్లి' అని ఉంటుంది.

ఇంతవరకు అతను ఛేదించిన కేసు ఒకటి. మైసమ్మ బర్రె తప్పిపోతే, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి అన్వేష్ కూడా తప్పిపోయాడు. అతన్ని వెతకడానికి వెళ్లినవాళ్లకు బర్రె కనబడింది.

"కేసు చెప్పు" అన్నాడు అన్వేష్ హెల్మెట్ అద్దం పైకెత్తి.

చెప్పింది శ్రీదివ్య. ఆమె బాలేష్ భార్య. మేడ్చల్ బస్టాండు దగ్గరున్న ఆ ఫ్లెక్సీ షాపులో డిజైన్లన్నీ చేసేది ఆమే. శామీర్‌పేట శ్రీనివాస్ భూములున్న పటేళ్ల ఇంటి మనిషి. వెంచర్లు వేస్తాడు, వచ్చే ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నాడు. షాపుకు వచ్చే పనిలో సగం అతనిదే. బోనాలకు స్వాగత ఫ్లెక్సీ కావాలన్నాడు. శ్రీదివ్య చేసింది. ఒక పక్క శ్రీనివాస్, ఇంకో పక్క అతని తమ్ముడు శ్రవణ్, మధ్యలో బోనం కుండ. తర్వాత శ్రీనివాస్‌కు ఎవరో సలహా ఇచ్చారు, చెరువు మీద బతికే చేపల వాళ్ల వాడకట్టుకు పెద్దయిన నర్సయ్య ఫోటో కూడా ఉండాలని. శ్రీదివ్య కుండ తీసి నర్సయ్య తల పెట్టింది. సాయంత్రం శ్రీనివాస్ వచ్చి చూసి సరే అన్నాడు. పొద్దున బాలేష్ ఆ ఫైలును తెరిచి చూడకుండానే సుచిత్ర చౌరస్తాలోని షాపు ప్రింటింగ్ మెషీన్‌కు పంపాడు. ఫ్లెక్సీ వచ్చింది, కట్టారు. చూస్తే నర్సయ్య లేడు. కుండ ఉంది.

శ్రీదివ్య మళ్లీ తల పెట్టింది. మళ్లీ ప్రింటయింది. ఈసారి నర్సయ్యను పక్కన నిలబెట్టుకుని ఫ్లెక్సీ విప్పారు. మళ్లీ కుండ.

మూడోసారి శ్రీదివ్య తల పెట్టి, తెల్లారగానే తానే వచ్చి కంప్యూటర్ తెరిచింది. ఫైలులో కుండ చూసి కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఇప్పుడు తల వెట్టి పంపుతే అయిపోదా?" అన్నాడు అన్వేష్.

కాదని బాలేష్ వివరించాడు. శ్రీనివాస్ మాట ఖరాఖండిగా ఉంది. తల పెడితే సరిపోదు, అది ఎవడు తీశాడో నర్సయ్య ముందు నిలబెట్టి చెప్పించాలి. లేకపోతే తానే తీయించానని వాడకట్టు మొత్తం అనుకుంటుంది. ఆదివారం బోనాలు. అప్పటికి మనిషి దొరక్కపోతే తన ఫ్లెక్సీలన్నీ నేరుగా సుచిత్ర షాపుకే పోతాయి. అవి పోతే ఈ షాపుకు షట్టర్ దించడం తప్ప పని ఉండదు.

"ఇది కిడ్నాపు" అన్నాడు అన్వేష్. "మనిషిని ఎత్తుకపోయి కుండను వెట్టి పోతాండు. కుండ అంటే సంకేతం."

అతను కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. తెర మీద బాణం ఒక పెద్ద చతురస్రంలో తిరుగుతోంది. దాని అంచు దాటి బయటికి రావడం లేదు. అన్వేష్ మౌస్‌ను బల్ల చివరిదాకా లాగాడు. రాలేదు.

"బాణాన్ని బందీ చేసిన్రు" అన్నాడు మెల్లగా.

శ్రీదివ్య కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. బాణం బయటికొచ్చింది. అది అంతేనని, అది లోపలి కంప్యూటర్ అని ఆమె చెప్పింది.

"లోపట ఇంకో కంప్యూటరా?"

ఉంది. శ్రీదివ్యకు అలవాటైన డిజైన్ సాఫ్ట్‌వేరూ దాని తెలుగు అక్షరాలూ పాత విండోస్‌లో తప్ప కుదురుగా ఉండవు. కొత్తదాంట్లో వేస్తే ఒత్తులు ఊడిపోతాయి. ఎండాకాలంలో పాత కంప్యూటర్ మూలపడ్డప్పుడు ఆమె తమ్ముడు సాయినాథ్ గౌడవెల్లి నుంచి వచ్చి, కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టి, దాంట్లో పాత విండోస్‌ను నడిపించాడు. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలో పాత కంప్యూటర్ మొత్తం ఉంటుంది. కొత్త ఇంట్లో అత్తకు ఒక అర్ర ఇచ్చినట్టు, ఆ గదిలో ఆమె చెప్పిందే నడుస్తుంది అని శ్రీదివ్య అంటుంది. సాయినాథ్ పాత ఫైళ్లన్నీ అందులోకి తెచ్చి, పోయేముందు ఒక మాట చెప్పాడు: "దీన్ని ఇప్పుడున్నదున్నట్టు ఒక ఫోటో దీసి వెట్టిన అక్కా. ఎప్పుడన్న ఖరాబైతే ఆ ఫోటో కాడికి ఎన్కకు పోవచ్చు." బోనాల ఫ్లెక్సీ అప్పటికే కుండతో తయారై ఉంది.

నర్సయ్య మాయమైన సంగతి సాయినాథ్‌కు ఫోన్‌లో చెప్పారు. మెషీన్ దానంతటది ఏమీ తీయదని, ఎవరో మనిషి చేస్తున్నాడని అతను అన్నాడు.

అన్వేష్ ఇదంతా విని స్క్రూడ్రైవర్ అడిగాడు. వద్దనేలోపే కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీసి టార్చి వేసి చూశాడు. దుమ్ము, వైర్లు, ఒక బల్లి గుడ్డు. లోపలి కంప్యూటర్ కనబడలేదు.

"అదిగూడ ఎత్తుకపోయిండు" అన్నాడు.

బాలేష్ రేకు బిగించాడు.

ఆ మధ్యాహ్నం అన్వేష్ అనుమానితులను విచారించాలన్నాడు. మొదటి అనుమానితుడు నర్సయ్య. ఎవరి తల పోతే వాళ్ల మీదే ముందు అనుమానం రావాలని అతని సిద్ధాంతం. బాలేష్ బండి తీశాడు.

నర్సయ్య శామీర్‌పేట చెరువు ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూసి పని ఆపలేదు.

"తల పోయిన్నాడు పొద్దుమీకి నువ్వెక్కడున్నవ్ తాతా?" అన్నాడు అన్వేష్.

"చెరువుల."

"సాక్షులున్నరా?"

"చాపలున్నయి."

అన్వేష్ తల ఊపాడు. చేపలను తర్వాత విచారిద్దామని బాలేష్ చెవిలో చెప్పాడు.

నర్సయ్య అతన్ని వదిలి బాలేష్ వైపు తిరిగాడు. "ఫ్లెక్సీల నా మొకం లేకుంటే నాకు వచ్చిన నొప్పేం లేదు బిడ్డా. నేనడగలే. వాళ్లే వచ్చి పెడ్తమన్నరు. నా మనుమరాలు దోస్తులందరినీ తోలుకపోయి, మా తాత ఏడున్నడో సూపిస్త అని కిందినుంచి మీదికి ఎతికింది. కుండ దొరికింది." వల ముడి బిగించాడు. "ఇంకోపారి గట్లయితే మా వాడకట్టు బోనాలు మేం సపరేట్ తీస్తం. పటేండ్లతోటి గలువం."

తిరుగు ప్రయాణమంతా అన్వేష్ మాట్లాడాడు. కుండ తయారుచేసినవాణ్ని పట్టుకుంటే కేసు తేలుతుందన్నాడు. కాసేపటికి శ్రవణ్ మీదికి మళ్లాడు. మధ్య చోటు తనకు కావాలని శ్రవణ్ నర్సయ్యను తప్పిస్తున్నాడట. మరి అక్కడ శ్రవణ్ తల రాకుండా కుండ ఎందుకొస్తుందని బాలేష్ అడిగాడు. నేరస్థులు తొందరపడరన్నాడు అన్వేష్.

చివరికి వల వేయడమే మార్గమని తేల్చాడు. శుక్రవారం సాయంత్రం శ్రీదివ్య నర్సయ్య తల మళ్లీ పెడుతుంది. శ్రీనివాస్ ఎప్పటిలాగే వచ్చి చూస్తాడు. అన్వేష్ బల్ల కింద దాక్కుంటాడు. కంప్యూటర్ మీద చెయ్యి వేయడానికి ఎవడొచ్చినా వాడి కాలు పట్టుకుంటాడు.

శుక్రవారం అలాగే చేశారు. బల్ల కింద సీపీయూ, యూపీఎస్, పాత ఫ్లెక్సీ ముక్కల మధ్య రెయిన్‌కోటుతో అన్వేష్ పట్టలేదు. హెల్మెట్ తీయమంటే తీయలేదు, ముడుచుకుని ఎలాగో దూరాడు. శ్రీదివ్య కుండ తీసి నర్సయ్య తల పెట్టి సేవ్ చేసింది. శ్రీనివాస్ వచ్చి వెనక నిలబడి చూశాడు.

"గిప్పుడైతే ఉన్నడు" అన్నాడు. "పొద్దుగాల ఉంటడా?"

బిడ్డ భవితను ట్యూషన్ నుంచి తీసుకురావడానికి శ్రీదివ్య లేచింది. రోజూ ఆ వేళకే ఆమె వెళ్తుంది, షాపు బాలేష్ మూస్తాడు. అతను అలవాటు ప్రకారం కంప్యూటర్ ఆపడానికి వచ్చి మౌస్ పట్టుకున్నాడు.

కింది నుంచి ఒక చెయ్యి అతని కాలు పట్టుకుంది.

"దొరికినవ్ రా" అంది హెల్మెట్ లోపలి గొంతు. "నీ ఆట కట్టు."

"నేనురా. బాలేష్‌ను."

బల్ల కింద హెల్మెట్ అద్దం పైకి లేచింది.

"నువ్వా. మాఫ్ చెయ్ తమ్మీ" అని అన్వేష్ కాలు వదిలేశాడు. వదిలి వెనక్కి జరగబోయాడు. రెయిన్‌కోటు కొసకు వైరు చుట్టుకుంది. అతను లాగాడు. యూపీఎస్ ఒకసారి కూతపెట్టి ఊరుకుంది. తెర నల్లబడింది.

శ్రీదివ్య చెప్పులేసుకోవడం ఆపింది. శ్రీనివాస్ జేబులోంచి ఫోన్ తీశాడు, సుచిత్ర షాపు నంబరు కోసం. బాలేష్ గోడ వైపు చూశాడు. అక్కడ షట్టర్ తాళం వేలాడుతోంది.

శ్రీదివ్య వచ్చి ప్లగ్గు పెట్టి కంప్యూటర్ ఆన్ చేసింది. కొత్త కంప్యూటర్ లేచింది. దాంట్లో కిటికీ తెరుచుకుంది. పాత విండోస్ తనను ఇలా ఆపడం పద్ధతి కాదని ఒక నల్ల తెర మీద చెప్పుకుని, ఆ తర్వాత లేచింది. ఆమె ఫైలు తెరిచింది.

నర్సయ్య ఉన్నాడు.

శ్రీనివాస్ ఫోన్ జేబులో పెట్టాడు. వైరు ఊడి కంప్యూటర్ ఆగినప్పుడు తల ఉంది. పద్ధతిగా ఆపిన ప్రతిసారీ పోయింది. ఈ ముక్క శ్రీదివ్యకే ముందు తట్టింది. ఆమె భర్త వైపు తిరిగింది.

"నువ్వు రోజు దీన్ని ఎట్ల బందు జేస్తున్నవ్?"

"నీ లెక్కనే."

"ఏదీ, చెయ్. ఆఖరుకు ఓకే మాత్రం నొక్కకు."

బాలేష్ కిటికీ మూలన గుర్తు నొక్కాడు. ఒక చిన్న పెట్టె వచ్చింది. ఎలా ఆపాలని అడుగుతోంది. అతను అన్నిటికన్నా కిందిది ఎంచుకున్నాడు. దాని కింద ఇంకో ఖాళీ గడి ఉంది. అతను దాంట్లో టిక్కు పెట్టాడు.

"ఆగు" అంది శ్రీదివ్య. "గదెందుకు వెట్టినవ్?"

బాలేష్‌కు ప్రశ్న అర్థం కాలేదు. షాపు పెట్టకముందు అతను నెట్ సెంటర్లో చాలా ఏళ్లు జనాలకు దరఖాస్తులు నింపాడు. కులం సర్టిఫికెట్టు నుంచి కరెంటు మీటరు దాకా ఏ దరఖాస్తయినా చివర్లో ఒక గడి ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టకపోతే పేజీ ముందుకు కదలదు. అక్కడేం రాసి ఉందో ఎవరూ చదవరు, బాలేష్ కూడా చదవలేదు. గడి కనిపిస్తే చెయ్యి దానంతటదే పోతుంది.

"టిక్కు వెట్టకుంటే ముందుకు పోదు గదా" అన్నాడు.

శ్రీదివ్య ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "మా తమ్ముడు దీసిన ఫోటో కాడికి ఎన్కకు పోవాల్నా అని అడుగుతాంది. నువ్వు రోజు అవునంటున్నవ్. ఫోటో దీసిన్నాడు కుండుండె. గందుకే కుండొస్తాంది."

మిగతా పనులన్నీ ఏ రోజువి ఆ రోజే అచ్చయి పోయేవి కాబట్టి అవి పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. రాత్రంతా కంప్యూటర్‌లో నిలిచి తెల్లారి ప్రింటుకు పోవాల్సింది నర్సయ్య తల ఒక్కటే.

బల్ల కింది నుంచి అన్వేష్ లేచాడు. "నిందితుణ్ని నేను ఎప్పుడో పట్టుకున్న" అన్నాడు. "కాలు వట్టుకున్ననా లేదా?"

"వదిలిపెట్టినవ్ గదా" అన్నాడు శ్రీనివాస్.

"దోస్తు గదా అన్నా."

ఆ పొద్దే శ్రీనివాస్ బాలేష్‌ను బండి మీద ఎక్కించుకుని శామీర్‌పేటకు తీసుకెళ్లాడు. నర్సయ్య అంతా విన్నాడు. టిక్కు సంగతి అతనికి తలకెక్కలేదు. ఒక్కటే అడిగాడు.

"పటేలు దీయించలే గదా?"

"లేదు తాతా. నేనే. సూడకుండ టిక్కు వెట్టిన."

నర్సయ్య కాసేపు అతని మొహం చూశాడు. "నేను గూడ బ్యాంకుల గట్లనే ఏలిముద్ర వెడ్త" అన్నాడు. "తాగిపో, చాయ్ అయితాంది."

శనివారం సాయినాథ్ ఫోన్‌లో చెబుతుంటే శ్రీదివ్య లోపలి కంప్యూటర్‌కు కొత్త ఫోటో తీసి పెట్టింది, నర్సయ్య తలతో సహా. ఫైలు సుచిత్రకు పంపబోతుంటే అన్వేష్ ఫోన్ చేశాడు. ఫీజు వద్దన్నాడు. ఫ్లెక్సీలో తన తల చాలన్నాడు, నర్సయ్య పక్కన, చేతిలో భూతద్దంతో. నర్సయ్య కంటే కొంచెం పెద్దగా.

శ్రీదివ్య కాదనలేకపోయింది. ఆదివారం తెల్లవారే ప్రింటు తీస్తామని సుచిత్ర వాళ్లను ఒప్పించి, సాయంత్రం దాకా కూర్చుని అన్వేష్‌ను పెట్టింది. హెల్మెట్ లేని ఫోటో అతని దగ్గర లేదు. శ్రీనివాస్, శ్రవణ్, నర్సయ్య, ఒక హెల్మెట్. ఆమె సేవ్ చేసి భవిత కోసం వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"చదివి ముయ్యి" అంది.

బాలేష్ కిటికీ మూలన నొక్కాడు. పెట్టె వచ్చింది. ఈసారి అతను ప్రతి మాటా చదివాడు. నర్సయ్య పక్కనున్న హెల్మెట్‌ను చూశాడు. మళ్లీ గడి చదివాడు. అప్పుడు టిక్కు పెట్టాడు.

ఆదివారం శామీర్‌పేటలో ఫ్లెక్సీ కింద నర్సయ్య మనుమరాలు దోస్తులను తోలుకొచ్చి నిలబడింది. ఈసారి వెతకలేదు, వేలు పెట్టి చూపించింది. వాడకట్టు బోనాలు డప్పులతో అటే వస్తున్నాయి. అన్వేష్ హెల్మెట్ అద్దం పైకెత్తి ఫ్లెక్సీని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు చూశాడు. తర్వాత బాలేష్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు.

"నిన్ను అనవసరంగ అనుమానించినం తమ్మీ" అన్నాడు గొంతు తగ్గించి. "అసలోడు ఇంకా బయటనే ఉన్నడు."