గుజ్జు ఫ్యాక్టరీలో బేస్‌బాల్ గ్యాలరీ

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల మేనేజరు నియాజ్ ఆ ఉదయం ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. అమెరికా నుంచి వస్తున్న మార్తాను మెప్పించి ఆర్డరు పట్టాలి. పట్టకపోతే ఉద్యోగం ఉండదని యజమాని ఆదికేశవులు ముందే చెప్పేశాడు. ఆమె అక్కడి బేస్‌బాల్ స్టేడియాల్లో తినుబండారాలు అమ్మిస్తుంది. నియాజ్ ఆ ఆట ఎన్నడూ చూడలేదు గానీ, స్టేడియాల మీద రెండు వీడియోలు చూశాడు. పండితుడు కావడానికి అతనికి అంతకంటే ఎక్కువ ఎప్పుడూ పట్టలేదు.

"మొదట్లో అన్నీ చెక్క గ్యాలరీలే సార్, కాలిపోతా ఉండె. తర్వాత ఇటుకతో వీధుల మధ్య ఇరికించి కట్టినారు, ఒక్కోటీ ఒక్కో వంకర. ఆపైన ఊరిబయట కాంక్రీటువి, గుండ్రంగా. అవి నచ్చక మళ్లీ పాతవాటి మాదిరే కడతా ఉండారు. వాళ్లకి పాత గ్యాలరీ అంటే ప్రాణం. మనమూ ఒకటి కట్టి సూపిస్తే ఆయమ్మ సంతకం పెట్టేస్తాది."

"అమెరికా సంగతి నీకే తెలియాలప్పా," అన్నాడు ఆదికేశవులు. నియాజ్ పొంగిపోయాడు.

ఫ్యాక్టరీలోని క్రేట్లన్నీ గేటు దగ్గర మెట్లుమెట్లుగా పేర్చి తాళ్లతో బిగించారు. అంతలో కాయల ట్రాక్టర్లు వచ్చాయి. దించుకోవడానికి క్రేట్లు లేవు. ట్రాక్టర్లు హైవే దాకా నిలిచిపోయాయి, రైతులు గ్యాలరీ ఎక్కి కూర్చున్నారు. వాళ్లను చూసి ఏదో పార్టీ మీటింగనుకుని బస్సుల్లోవాళ్లూ దిగి ఎక్కారు. జనాన్ని చూసి చౌడమ్మ బస్టాండు నుంచి వేరుశనక్కాయల బండి తోసుకొచ్చింది.

"ఏమప్పా, ఒక్క క్రేటూ లేదే?" అన్నాడు ఆదికేశవులు.

"గ్యాలరీలో ఉండాయి సార్."

"అయితే జనాన్ని దించు."

"మీటింగు అయినాకనే దిగతారంట సార్."

కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మార్తా ఎండలో నడిచొచ్చింది. గ్యాలరీ చూసి నవ్వి, రైతుల మధ్య కూర్చుంది. చౌడమ్మ పొట్లం చేతికిచ్చింది. ఆమె ఒలుచుకు తింటూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటా ఉండాది?" ఆదికేశవులు ఆత్రంగా అడిగాడు.

నియాజ్‌కు ఏడుపొక్కటే తక్కువ. "ఆడ గుజ్జు ఎవురూ తాగరంట సార్. శెనిక్కాయలు లేకుంటే మాత్రం ఆటే సూడరంట. చౌడమ్మక్కతో మాట్లాడాలంట."

"ఎన్ని కావాలంట నాయనా?" అంది చౌడమ్మ.

"ఓడ నిండా అంటా ఉండాదక్కా."

మధ్యాహ్నానికల్లా నియాజ్ ఉద్యోగం పోయింది. క్రేట్ల తాళ్లు విప్పుతుంటే చౌడమ్మ పక్కకొచ్చి నిలబడింది.

"నాకు ఇంగ్లీషు రాదు. రేపట్నించి నా దగ్గరికొచ్చేయ్. ఏమీ కట్టగూడదు, అంతే."

అలా నియాజ్ మళ్లీ ఎగుమతుల మేనేజరయ్యాడు, కాకపోతే ఆఫీసును సాయంత్రం ఇంటికి తోసుకెళ్లాల్సి వచ్చేది.