వంగని రెక్కలు

ఒక పెద్ద అడవిలో, అడవికంటే పెద్ద కబుర్లు చెప్పే జలశాఖ ఒకటి ఉండేది. శాఖకు ఉన్న ఆస్తల్లా ఒక లోతైన మడుగు, దాని అడుగున తామరదుంపలు. కొండముచ్చు దండపాణి పాదాలకు పొడవాటి వెదురు రెక్కలు కట్టుకుని, ఒక్క ఊపిరిలో అడుగుకు దిగి ఆ దుంపలు తెచ్చేవాడు.

రెక్కలు చేసేది ముళ్ళపంది సూరమ్మ. ఎవరొచ్చినా, మామిడికాయ పండిందో లేదో చూసినట్టు ముందు పిక్కలు నొక్కి చూసేది.

"నీవి సన్నకాళ్ళు నాయనా. మెత్తటి బద్దే కట్టుకో. నువ్వు తంతే అది వంగాలి, మళ్ళీ లేస్తూ నిన్ను ముందుకు తొయ్యాలి" అనేది.

దండపాణికి ఆ మెత్తటి రెక్కలంటే ప్రాణం. అడుగున ఉండే పచ్చటి నిశ్శబ్దమంటే మరీ ప్రాణం. కానీ ఏళ్ళు గడిచినా ఉద్యోగం మాత్రం తాత్కాలికమే.

ఇన్నాళ్ళకు పోస్టు పర్మనెంటు చేస్తామన్నారు. దానికి పునుగుపిల్లి చిట్టెమ్మ కూడా పోటీకి వచ్చింది. అదీ సన్నకాళ్ళదే, పైగా ఇతనికంటే చురుకు. తాను ఓడిపోతానని దండపాణికి తెలిసిపోయింది. నేరుగా శాఖాధ్యక్షుడు ఎలుగుబంటి భూపతి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, పర్మనెంటు ఉద్యోగి వంగే రెక్కలు కట్టుకుంటే శాఖ పరువేం కావాలండీ? రెక్క వంగనివాళ్ళకే ఉద్యోగమని రూలు పెట్టండి."

భూపతికి మెడ వంగదు. మాట తెగ నచ్చేసింది.

దండపాణి ఎత్తు చిన్నదే. గట్టి రెక్కలు అందరికీ చూపించి, తుంగపొద చాటుకు వెళ్ళి, అక్కడ దాచిన మెత్తటివి కట్టుకుని దూకెయ్యడం.

"ఇవి రెక్కలు కావురా, తలుపుచెక్కలు" అంది సూరమ్మ చేసిస్తూ.

"చూపించడానికేలే అత్తా!"

చిట్టెమ్మ మాత్రం వాటిని ముట్టుకోలేదు. "రూలు సంగతి మీరు చూసుకోండి, నా ఊపిరి సంగతి నేను చూసుకుంటా" అంది.

పోటీ రోజు అడవంతా గట్టు మీదికి చేరింది. భూపతి మహా ఉత్సాహంగా ముందుకొచ్చి, "ఇంత గొప్ప రెక్కలు నా చేత్తో నేనే కడతాను!" అని పీటముళ్ళు వేశాడు. పొద చాటుకు వెళ్ళే దారే లేకపోయింది.

చేసేది లేక దండపాణి దూకాడు. తన్నాడు. రెక్క వంగలేదు. ఇంకా గట్టిగా తన్నాడు. సగం లోతులో రెండు పిక్కలూ పట్టేశాయి. తన ప్రాణంలాంటి మడుగును చూసి అతను భయపడింది అదే మొదటిసారి.

ఉత్తకాళ్ళతోనే దూకిన చిట్టెమ్మ అడుగు దాకా వెళ్ళి, తిరిగి వస్తూ అతని జుట్టు పట్టుకుని పైకి లాక్కొచ్చింది. దాని రెండో చేతిలో దుంపలున్నాయి.

భూపతి దండపాణి వంక చూడలేదు. రెక్కల వంక చూశాడు.

"ప్రాణం పోతున్నా వంగలేదయ్యా! ఉద్యోగం ఇతనిదే. ఆ చిట్టెమ్మను తాత్కాలికంగా తీసుకోండి. పొదలో ఏవో మెత్తటి రెక్కలు దొరికాయట, అవి ఆవిడకిచ్చెయ్యండి."

"అయ్యా, నన్నూ తాత్కాలికంలోనే ఉంచండి!" అని దండపాణి కాళ్ళావేళ్ళా పడబోయాడు. కాళ్ళకు చెక్కలుండటంతో వంగడం కుదరలేదు.

"చూశారా, ఎంత ఠీవో!" అన్నాడు భూపతి.

ఇప్పుడు రోజూ చిట్టెమ్మ దుంపలు తెస్తుంది. దండపాణి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, తన పాత రెక్కలు నీళ్ళలో మాయమవడం చూసి కళ్ళు తుడుచుకుంటాడు.

నీతి: మునిగేవాళ్ళకు మెత్తటి రెక్కలు చాలు, గట్టివి కావలసింది ఒడ్డున కూర్చునేవాళ్ళకే.