మంత్రిగారి తరఫున బీపీ

ఇకపై దేశంలో ఎవరికీ రక్తపోటు రాకూడదని ఆరోగ్యశాఖ మంత్రిగారు ఆదేశించారు. ఉప్పు తగ్గించాలి, రోజూ నడవాలి, సిగరెట్ ముట్టకూడదు, ముఖ్యంగా కోపం పనికిరాదు. ఆ మాట దగ్గరే మైకు కీచుమంది. మైకు ఆపరేటర్‌ని అక్కడికక్కడే సస్పెండ్ చేసి, వారు చిరునవ్వుతో ప్రసంగం కొనసాగించారు.

వెనక నిలబడ్డ పీఏకి భయం పట్టుకుంది. మంత్రిగారి తాతగారు మంత్రిగా ఉండగా ఇలాంటి వేదిక మీదే కుప్పకూలారు. నాన్నగారూ అంతే. ఇద్దరినీ బీపీయే మింగింది. ఈయనా పోతే తన గతేమిటని పీఏ బెంగ. అందులో అభిమానం కూడా ఉందిలెండి, కొంత.

శాఖ డాక్టరుకీ అదే భయం.

"సార్, ఇది మీ వంశంలో ఉంది. ఒక్కసారి చూపించుకోండి."

"మా వంశంలో ఉన్నది పదవయ్యా! రోగాలు జనానికొస్తాయి."

"వంశంలో ఉన్నా వచ్చి తీరాలని లేదు సార్. ముందే జాగ్రత్త పడితే ఆపొచ్చు."

"అయితే పడండి," అన్నారు మంత్రిగారు ఉదారంగా.

ఎవరు పడాలో వేరే చెప్పాలా? మంత్రిగారి తరఫున సంతకం పెట్టే అధికారం పీఏకి ఎప్పటినుంచో ఉంది. ఆ చెయ్యి బీపీకి మాత్రం పనికిరాదా? చొక్కా చేతిని పైకి మడిచి చెయ్యి చాపాడు. డాక్టరు పట్టీ చుట్టి, చూసి, మంత్రిగారికి నమస్కరించాడు.

"నార్మల్ సార్!"

ఆనాటి నుంచి మంత్రిగారి క్రమశిక్షణ దేశానికే ఆదర్శమైంది. ఆయన తరఫున పీఏ తెల్లారగానే పార్కులో నడిచాడు. ఆయన తరఫున చప్పిడి కూర తిన్నాడు. ఆయన తరఫున కోపం దిగమింగాడు, అదీ ఆయన తిడుతున్నప్పుడే. మంత్రిగారు చివర్లో కారు దిగి, కొత్త బూట్లతో ఫోటో దిగి, సిగరెట్ వెలిగించుకుని వెళ్లిపోయేవారు.

"ఏమండీ, పెళ్లినాటికంటే కుర్రాడిలా ఉన్నారు," అని పీఏ భార్య మురిసిపోయింది.

ఉండబట్టలేక పీఏ ఒకసారి నసిగాడు. "సార్, మీరు కూడా ఒక్కసారి చెయ్యి చూపిస్తే..."

"నీ రిజల్టు మీద నీకే నమ్మకం లేదా?"

రక్తపోటుపై విజయోత్సవ సభలో మెడల్ కోసం వంచిన తలని మంత్రిగారు మళ్లీ ఎత్తలేదు. చివరి రీడింగు నార్మలేనని శాఖ సగర్వంగా ప్రకటించింది.

వారం తిరక్కుండా వారి అబ్బాయిగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. తొలిరోజే డాక్టరు పట్టీ పట్టుకుని వచ్చాడు.

"సార్, ముత్తాతగారు, తాతగారు, ఇప్పుడు నాన్నగారు. మీరైనా..."

కొత్త మంత్రిగారు పీఏ వైపు చూశారు. ఉంచుతారో ఊడబెరుకుతారో తెలియక పీఏకి కంటిమీద కునుకు లేదు, ముద్ద దిగడం లేదు. అయినా అలవాటుగా చెయ్యి చాపాడు. డాక్టరు చూశాడు. మళ్లీ చూశాడు. ముఖం పాలిపోయింది.

"చాలా ఎక్కువగా ఉంది సార్! ఇవాళే ఏదో ఒకటి చెయ్యాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు."

"ఆరోగ్యం విషయంలో నేను ఆలస్యం సహించను," అన్నారు కొత్త మంత్రిగారు గంభీరంగా. "పీఏని మార్చండి."