తాళం పడిన తరంగం

మానవజాతి చేసిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది గాలిని వాటాలు వేసి పంచుకోవడం. పొలానికి గట్టు ఎవరైనా వేస్తారు. ఆకాశానికి హద్దురాళ్లు పాతిన ఘనత మాత్రం ఫోను కంపెనీలదే.

ఈ సంగతి తాళాల మేస్త్రికి నలభై రోజులు తెలియలేదు. ఆ నలభై రోజులూ ఇంట్లో ఆయన ఫోను మోగలేదు. ఊళ్లో జనం తాళంచెవులు పారేసుకోవడం మానేశారు కాబోలు అనుకున్నాడు. (మనుషులు అంత బాగుపడతారని నమ్మినవాడు చరిత్రలో ఆయన ఒక్కడే.) ఎవరో ఒకరు తమ ఇంటి బయట చిక్కుకుని ఫోన్ చేస్తేనే ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"ఒకటో తారీకుదాకా చూస్తాను," అంది భార్య. "ఆ పైన మా తమ్ముడి గిడ్డంగికి కాపలా వెళ్లండి. కుర్చీ కూడా వేస్తానన్నాడు."

"ఏ తాళమైనా తీసే మనిషిని తాళానికి కాపలా కూర్చోమంటావా?"

"అక్కడ తాళమైనా ఉంది. ఇక్కడ అదీ లేదుగా!"

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి కంపెనీ ఆఫీసులో టోకెను పుచ్చుకుని, రెండు గంటలు నిలబడి, తరంగ వ్యవహారాల ఉప పర్యవేక్షకుడి ముందుకు చేరాడు.

"మీ ఫోనుకు ఏ జబ్బూ లేదు మేస్త్రీ," అన్నాడు పర్యవేక్షకుడు. "టవరు గుట్ట మీద, మీ వీధి గుట్ట వెనక పల్లంలో. మేం పంపే తరంగాలు మూడు రకాలు. మూడు వేల అయిదొందల మెగాహెర్ట్జ్‌ది మహా వేగం, కానీ సుకుమారం. గోడ కనబడితే వెనక్కి తిరుగుతుంది. పద్దెనిమిది వందలది కిటికీదాకా వచ్చి ఆలోచిస్తుంది. ఎనిమిది వందలది నిదానం. కానీ గుట్ట దిగి, గోడ దూరి, మంచం కిందికైనా వస్తుంది."

"మా అత్తగారి దగ్గులాగా."

"ఏమిటీ?"

"ఆవిడ వీధి మొదట్లో దగ్గితే మా వంటింట్లో గిన్నెలు సర్దుకుంటాయండి. మా మరదలు గడగడా మాట్లాడుతుంది గానీ, తలుపేస్తే ఒక్క ముక్క వినబడదు."

పర్యవేక్షకుడు ఇది రాసుకున్నాడు. (ఇప్పుడు సిబ్బంది శిక్షణలో ఇదే మూడో పాఠం. అత్తగారి అనుమతి తీసుకోలేదు.)

"మరి ఆ ఎనిమిది వందలది ఏమైందండీ?"

"శుభ్రం చేయడానికి మీట దించాం. శుభ్రం చేశాం. మీట ఎత్తకుండానే టవరు పెట్టెకు తాళం వేశాం. తాళంచెవి పోయింది."

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "అంతేనా! పనిముట్లు సంచిలోనే ఉన్నాయి. పదండి."

"అలా కుదరదు. మా జాబితాలో ఉన్న తాళాల మేస్త్రినే పిలవాలి. రోజూ పదకొండింటికి ఫోన్ చేస్తున్నాం. అందుబాటులో ఉండడు. బాధ్యత లేని మనిషి."

పర్యవేక్షకుడు జాబితా తిప్పి చూపించాడు. అందులో ఉన్నది మన మేస్త్రి నంబరే.

"అది నేనేనండీ! ఇక్కడ నా ఫోను బాగానే మోగుతుంది. ఇప్పుడు చేసి చూడండి."

"ఇవాళ్టి ప్రయత్నం అయిపోయింది."

"రేపు పదకొండింటికి ఇక్కడే నిలబడతాను."

"చెల్లదు. పిలుపు మీ చిరునామాలో మోగాలి. పదిహేడో నిబంధన."

ఇంటికొచ్చి ఇదంతా చెబితే భార్య నవ్వలేదు. "ఊరందరి తాళాలూ తీస్తారు. మన నోటికి పడ్డ తాళం దగ్గర మాత్రం నిబంధన అడ్డమొచ్చిందా?" అని జడలోంచి పిన్ను తీసి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి గుట్ట ఎక్కాడు. ఆ తాళం ఆయన్ని చూడగానే సగం వదులైందని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మిగతా సగం పిన్ను చూసుకుంది. లోపల ఒకే ఒక మీట, దాని మీద తుడిచే గుడ్డ. గుడ్డ తీసి మీట ఎత్తాడు.

సరిగ్గా పదకొండింటికి ఇంట్లో ఫోను మోగింది. అవతల ఆఫీసులో చప్పట్లు వినిపించాయి.

"దొరికారా మేస్త్రీ! నలభై రెండో ప్రయత్నం! వెంటనే వచ్చి టవరు పెట్టె తాళం తీయాలి."

భార్య వద్దు వద్దని చేతులూపుతూనే ఉంది. పనితనం ఉన్నవాడికి నోరు ఆగదు కదా.

"పొద్దున్నే తీసేశానండీ. రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

చప్పట్లు ఆగిపోయాయి.

గంటలో పర్యవేక్షకుడు ఇద్దరు సాక్షులతో, ఒక కొత్త తాళంతో గుట్ట ఎక్కాడు. పిలవకముందే తీసిన తాళం తీసినట్టు కాదనీ, ముందు పూర్వస్థితికి తేవాలనీ వివరించాడు. మేస్త్రి చేతనే మీట దింపించాడు, గుడ్డ కప్పించాడు, తాళం వేయించాడు. పూర్వస్థితి సంపూర్ణంగా ఉండాలని తాళంచెవిని లోయలోకి విసిరేశాడు. సాక్షులు సంతకాలు చేశారు.

"అయ్యా," అన్నాడు మేస్త్రి, "ఎల్లుండే ఒకటో తారీకు. ఎదురుగానే ఉన్నాను. ఇప్పుడే పిలిచెయ్యండి, తీసేస్తాను."

పర్యవేక్షకుడు ఆయన భుజం తట్టాడు.

"తొందరెందుకు మేస్త్రీ? రేపు పదకొండింటికి ఇంటికి ఫోన్ చేస్తాం. ఈసారైనా అందుబాటులో ఉండండి."