తాత్కాలిక సామాన్య పౌరురాలు

వచ్చే ఉగాదికల్లా రాష్ట్రంలో సైన్సు అర్థం కాని మనిషి ఒక్కడు కూడా మిగలడని ప్రజా విజ్ఞాన ప్రసార శాఖ మంత్రి రామచందర్ గారు నాంపల్లిలో ప్రకటించారు. ఒకవేళ మిగిలితే ఏం చేస్తారని ఎవరో విలేకరి అడిగాడు.

"మిగలనియ్యం," అన్నారు మంత్రిగారు.

అంత చిన్న మాటలో అంత పెద్ద ధైర్యం ఇంకెవరు చూపగలరు చెప్పండి!

ఆ ధైర్యానికి తగ్గట్టే నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక పాత మేడకు సున్నం కొట్టి, "యువ విజ్ఞాన వక్తల శిక్షణ కేంద్రం" అని బోర్డు తగిలించారు. డిగ్రీ పాసైన పిల్లలకు, సైన్సును జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం అక్కడ నేర్పుతారు. నెగ్గినవాళ్లకు సర్కారు కొలువు. విజ్ఞాన రథమనే వ్యానెక్కి ఊరూరా తిరిగి చెప్పడమే పని.

అబిడ్స్‌లో చర్చి వెనక కిరాయి ఇంట్లో ఉండే సుగుణమణి మనవరాలు స్టెఫీ ఆ బ్యాచిలో చేరింది. బీఎస్సీ అయి రెండేళ్లయినా పిల్లకు ఉద్యోగం దొరక్క ఓ చీరల దుకాణంలో బిల్లులు కొడుతోంది. కానీ చిన్నప్పటి నుంచీ దానికి ఒకటే పిచ్చి. ఏది తెలుసుకున్నా ఇంకొకరికి చెప్పందే అన్నం సహించదు. కుక్కర్ ఎందుకు కూస్తుందో ఇంటి ఓనరును నిలబెట్టి మరీ చెప్పింది. ఆయన కిరాయి అడగడానికి వచ్చి, అది మరిచిపోయి, విని వెళ్లిపోయాడు. అలాంటి పిల్లకు ఇలాంటి ఉద్యోగం దేవుడే పంపాడని సుగుణమణి నమ్మకం. రాకపోతే పిల్ల ఆ బిల్లుల దగ్గరే ముసలిదైపోతుందని బెంగ కూడా.

మొదటి వారం పిల్లలకు మైకు ఎలా పట్టుకోవాలో నేర్పారు. రెండో వారం వేదిక మీది పెద్దల పేర్లు హోదా తప్పకుండా చదవడం నేర్పారు. ఆ తర్వాత, దీపం వెలిగించే పెద్దలకు కొవ్వొత్తి ఏ చేత్తో అందించాలో నేర్పారు.

"సైన్సు ఎప్పుడు సార్?" అని స్టెఫీ అడిగింది.

"గది మీరు కాలేజీలనే చదువుకొని వచ్చిన్రు గదమ్మా. మళ్ల చెప్పి సర్కారు టైం ఖరాబు చేస్తమా?" అన్నారు డైరెక్టర్ జయరాజ్ గారు. న్యాయమే కదా.

చివరికి పరీక్ష వచ్చింది. ఒక్కొక్క వక్తా ఒక సామాన్య పౌరుడికి ఏదో ఒక సైన్సు సంగతి చెప్పాలి. ఆ పౌరుడు "అర్థమైంది" అంటే పాసు. తీరా చూస్తే కేంద్రంలో సామాన్య పౌరుడే లేడు, ఉన్నవాళ్లందరూ ఉద్యోగులే. స్టేషన్ బయట పట్టుకొద్దామంటే ఒకాయనకు రైలు టైమైంది, ఇంకొకాయన ఆటో లైన్ తప్పుతుందన్నాడు.

"మా అమ్మమ్మ ఉంది సార్. నాలుగో తరగతిల బడి బంద్ జేసింది," అంది స్టెఫీ.

"సామాన్యురాలేనా?"

"మస్తు సామాన్యురాలు సార్."

మర్నాడు సుగుణమణి ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టుకొని, జడలో పిన్నులు గుచ్చుకొని వచ్చింది. జయరాజ్ గారు పైనుంచి కిందికి చూశారు. "అమ్మా, గిట్ల ఇస్త్రీ చీర కట్టుకుంటే సామాన్యులనిపియ్యరు. రేపటి సంది ఇంట్ల చీరల రాండ్రి," అని మర్యాదగా చెప్పి, ఆమె ముందు బల్ల మీద "తాత్కాలిక సామాన్య పౌరురాలు" అని రాసిన చెక్కపలక పెట్టించారు. సుగుణమణి దాన్ని కొంగుతో తుడిచి, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా జరిపింది.

ఆమె సంగతి ఆయనకు తెలియదు పాపం. నలభై ఏళ్లుగా చర్చి విడిచాక గుమ్మం దగ్గర పాస్టరుగారికి చేయిచ్చి, ప్రసంగం అర్థమైతే "ఎక్కింది అయ్యగారూ" అంటుంది, కాకపోతే "ఇయ్యాల ఎక్కలేదు అయ్యగారూ" అంటుంది. ఆమె చేయి పట్టుకునేటప్పుడు గుండె దడదడలాడని పాస్టరు ఆ చర్చికి ఇంతవరకు రాలేదు.

మొదట ఉజ్వల అనే అమ్మాయి లేచి టీకా గురించి చెప్పింది. "శరీరంలోని ప్రతిరక్షక వ్యవస్థ యాంటిజెన్‌ను గుర్తించి ప్రతిస్పందనను ఉద్దీపింపజేస్తుంది." మైకు పట్టుకున్న తీరు మాత్రం చూడముచ్చటగా ఉంది.

"ఎక్కలేదు బిడ్డా," అంది సుగుణమణి.

"ఏ ముక్క ఎక్కలేదు అమ్మమ్మా?"

"శరీరం తర్వాతది."

సాయంత్రానికి ఒక్కరూ గట్టెక్కలేదు. స్టెఫీ వంతు ఇంకా రానేలేదు. పెద్ద అధికారులకు తప్పు ఎక్కడుందో ఇట్టే దొరుకుతుంది. జయరాజ్ గారు మీటింగు పెట్టారు. "చెప్పేటోళ్లకు శిక్షణ ఇచ్చినం. వినేటోళ్లకు ఇచ్చినమా? ఇయ్యలే. గాడనే దెబ్బతిన్నం!"

వినేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి రాజమల్లును పిలిపించారు. పార్టీ మీటింగులకు అఫ్జల్‌గంజ్ కూలీల అడ్డా నుంచి జనాన్ని తోలుకొచ్చే మనిషి ఆయన. భుజం మీద ఎప్పుడూ తెల్ల దస్తీ. అది పైకి లేచిందంటే మైదానం మైదానమంతా జై కొడుతుంది. ఆ జనాన్నే ఇప్పుడు సామాన్య పౌరులుగా తెచ్చాడు. వాళ్లు అనుభవజ్ఞులు. జై తీసేసి "అర్థమైంది" పెట్టుకోవడానికి పూట కూడా పట్టలేదు. సుగుణమణి దగ్గరే చిక్కొచ్చింది.

"ఏం లేదు పెద్దమ్మా. తల మూడుమాట్ల ఊపాలె. కండ్లు పెద్దగ జెయ్యాలె. ఓహో అనాలె. దస్తీ లేవంగనే అర్థమైంది అనాలె. గంతే."

"ఏం అర్థమైందనాలె నాయనా?"

"గది మన సిలబస్‌ల లేదు."

"నిజంగనే అర్థమైతే?"

ఈ ప్రమాదం గురించి రాజమల్లు ఎన్నడూ ఆలోచించలేదు. జయరాజ్ గారే ఆదుకున్నారు. "అప్పుడు గూడ దస్తీ లేసేదాక ఆగాలె. ఇంకోటమ్మా, ప్రశ్నలడగొద్దు. అడిగిన్రంటే అర్థం కాలేదన్నట్టే. రూలు పెట్టినం."

ఇంటికొచ్చాక సుగుణమణి మనవరాలి ముందు కూర్చుంది. "నీ నౌకరి కోసం ఊపుమంటే ఊపుత తల్లీ. మెడనే గదా."

"వద్దమ్మమ్మా. ఎక్కితేనే ఎక్కిందను. నీకు చెప్పరాకపోతే ఊరోళ్లకేం చెప్త?"

మర్నాడు దస్తీ లేస్తూ పడుతూ ఉండగా పిల్లలందరూ వరసగా పాసైపోయారు. స్టెఫీ ఒక్కతే, తనకు అమ్మమ్మే కావాలని పట్టుబట్టింది. ఇరానీ హోటల్ నుంచి తెచ్చిన చాయ్‌ని ఒకటి కప్పులో ఉంచి, ఒకటి సాసర్‌లో పోసింది.

"అమ్మమ్మా, చాయ్‌ల బాగ వేడెక్కిన రేణువులు పైకొచ్చి ఆవిరైపోతయి. పోతపోత వేడిని ఎంటదీస్కపోతయి. ఆదివారం చర్చి ఇడిసినంక చిన్న తలుపొక్కటే తీస్తే ఏమైతది?"

"తొక్కుకుంట నిలబడ్తం. మధ్యాహ్నం కూర మాడిపోతది."

"పెద్ద తలుపులు రెండూ తీస్తే?"

"సప్పున బయటపడ్తం."

"కప్పుది చిన్న తలుపు. సాసర్‌ది పెద్ద తలుపు."

సుగుణమణి సాసరెత్తి తాగింది. కప్పులోది ముట్టుకొని వేలు వెనక్కి తీసుకుంది. ముఖం దీపంలా వెలిగింది. "ఓయమ్మో! మరి మట్టికుండ చెమర్చి నీళ్లు సల్లగయ్యేది గిందుకేనా? కుండకు ఒళ్లంత తలుపులేనా?"

"గందుకే అమ్మమ్మా, గందుకే!" స్టెఫీ ఎగిరి గంతేసింది.

జయరాజ్ గారు బాధగా నిట్టూర్చారు. "రెండు ప్రశ్నలు. ఒకటైతే నేను జర చూసీచూడనట్టు ఉందును." స్టెఫీ ఫెయిలు. బ్యాచి మొత్తంలో జనానికి అర్థం కాకుండా చెప్పిన పిల్ల ఆమె ఒక్కతే అని నోటీసు బోర్డులో వేశారు.

ముగింపు సభకు మంత్రిగారు వచ్చారు. అధికారికంగా ఎవరూ తీసెయ్యలేదు గనక సుగుణమణి తన పలక ఒళ్లో పెట్టుకొని ముందు వరసలోనే కూర్చుంది. నోరు మెదపనని మనవరాలికి మాటిచ్చింది. వెనక రాజమల్లు జనం. ఫ్యాన్లు తిరగడం లేదు.

మంత్రిగారికి చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగి, నాలుక కాలి, మైకు ముందే "అబ్బా" అన్నారు. ఎంత మాటిచ్చినా, ఎదురుగా మనిషి నాలుక కాల్చుకుంటుంటే ఊరుకోవడం ఎలా?

"సాసర్‌ల పోసుకొండ్రి సారూ!" అంది సుగుణమణి.

ఆయన పోసుకున్నారు. తాగారు. హాయిగా ఉంది. "ఔనమ్మా, మా నాయన గూడ గిట్లనే తాగుతుండె. సాసర్‌ల జల్ది ఎందుకు సల్లారుతది?"

ఉక్కకు తట్టుకోలేక రాజమల్లు దస్తీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"అర్థమైంది!" హాలు దద్దరిల్లింది.

మంత్రిగారు అదిరిపడ్డారు. "ఏం అర్థమైందయ్యా?"

రాజమల్లుకు చెమటలు పట్టాయి. మెడ తుడుచుకున్నాడు.

"అర్థమైంది!"

"నాకు కాలేదయ్యా! ఎవరన్న చెప్పుండ్రి!"

రాజమల్లు ముఖమంతా తుడుచుకున్నాడు. ఈసారి పైకప్పు సున్నం రాలింది. జయరాజ్ గారు గబగబా ఫస్టు వచ్చిన ఉజ్వలను వేదిక ఎక్కించారు. ఆ పిల్ల మైకు అందంగా పట్టుకొని, పెద్దల పేర్లన్నీ హోదా తప్పకుండా చదివి, కొవ్వొత్తి కోసం చుట్టూ చూసింది.

ఇక సుగుణమణి లేచింది. "ఫెయిలైన పిల్ల చెప్తది సారూ. లే తల్లీ."

స్టెఫీ చిన్న తలుపు, పెద్ద తలుపు చెప్పింది. మంత్రిగారు సాసర్ వైపు చూశారు, కప్పు వైపు చూశారు, చంటిపిల్లాడిలా నవ్వారు. "అరె! మరి మా ఇంట్ల కుండ సంగతేంది? దానికి మూతి చిన్నగుంటది గద?"

రూలు తెలిసినవాళ్లందరూ జయరాజ్ గారి వైపు తిరిగారు. మంత్రిగారు ప్రశ్న అడిగారు.

"మంచిగడిగిన్రు సార్," అని స్టెఫీ మొదలుపెట్టేలోపు జయరాజ్ గారు జాతీయగీతం పెట్టించారు.

మర్నాడు పేపర్లలో "చాయ్ సైన్సును యువతకు వివరించిన మంత్రి" అని వచ్చింది. జయరాజ్ గారికే కత్తిమీద సాము. మంత్రిగారికి అర్థం కాలేదని రాయలేరు, పెట్టిన రూలు తీయలేరు. అలాంటప్పుడే అధికారి పనితనం బయటపడుతుంది. స్టెఫీకి సామాన్యులతో మాట్లాడే అర్హత లేదనీ, మంత్రులతో మాట్లాడే అర్హత మాత్రం నిండుగా ఉందనీ ఆయన తేల్చారు. పాసైనవాళ్లు రథమెక్కి ఊళ్లకు వెళ్లారు. స్టెఫీకి లక్డీకాపూల్‌లో మంత్రిగారి ప్రత్యేక విజ్ఞాన వక్తగా కొలువిచ్చారు. సుగుణమణి చర్చి గుమ్మం దగ్గర అందరికీ కేకు పంచింది.

మొదటి రోజు పిల్లకు తోడుగా తనూ వెళ్లింది. మంత్రిగారు అడిగిన కుండ ప్రశ్నకు జవాబు బాకీ ఉందని, బేగం బజార్‌లో కొన్న చిన్న మట్టికుండను సంచిలో పెట్టుకొని మరీ వెళ్లింది. మంత్రిగారు ఇద్దరినీ ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు.

"సార్, మట్టికుండకు..." అని స్టెఫీ మొదలుపెట్టింది.

మంత్రిగారు తల మూడుసార్లు ఊపారు. కళ్లు పెద్దవి చేశారు.

"ఓహో," అన్నారు. "అర్థమైంది."

కుండ ఇంకా సంచిలోనే ఉంది. కిటికీ పక్కన నిలబడ్డ రాజమల్లు దస్తీని మెల్లిగా భుజం మీదికి దించుకున్నాడు.